గాలిలో పొట్లాలు

పచారీ కొట్టాయన నెల సరుకులన్నీ ఒకే గోనెలో కలిపి పోసి ఇవ్వడు. కందిపప్పు ఒక పొట్లం, చింతపండు ఒక పొట్లం, ఆవాలు చిన్న పొట్లం. దారిలో ఒకటి చిరిగితే ఆ ఒక్కటే మళ్ళీ కట్టించుకుంటాం. ఇంటర్నెట్టు కూడా సమాచారాన్ని ఇలాగే పొట్లాలు కట్టి పంపుతుంది. ఆ పొట్లం పేరే ప్యాకెట్. తీగ, టెలిఫోన్ కంపెనీ, నెలనెలా బిల్లు ఏవీ లేకుండా ఆ పొట్లాన్ని సొంత రేడియోతో గాలిలోకి వదిలితే అది ప్యాకెట్ రేడియో. లైసెన్సు తీసుకుని, లాభాపేక్ష లేకుండా సొంత రేడియో నడిపేవాళ్ళు హామ్‌లు. అరచేతిలో ఇంటర్నెట్ ఉన్న ఈ రోజుల్లో ఇదెందుకని చాలామంది అడుగుతారు. నాకు మాత్రం ఇవి రెండూ ఒకే ఇంటి పిల్లలుగా కనిపిస్తాయి. ఆ చుట్టరికం గురించి పోగుచేసుకున్న విశేషాలివి.

అలోహా అంటే నమస్కారం

హవాయి విశ్వవిద్యాలయం శాఖలు వేర్వేరు దీవుల్లో ఉన్నాయి. అప్పట్లో అందరికీ కలిపి ఉన్నది ఒక్క పెద్ద కంప్యూటరు. దీవికీ దీవికీ మధ్య సముద్రం. టెలిఫోన్ లైన్లకు ఖర్చెక్కువ, నమ్మకం తక్కువ. నార్మన్ అబ్రామ్‌సన్ అనే ప్రొఫెసరు తన బృందంతో కలిసి రేడియోను ఆశ్రయించాడు. 1971 జూన్‌లో అలోహానెట్ పని మొదలుపెట్టింది.

దాని పద్ధతి వింటే ఇంత తేలికా అనిపిస్తుంది. చెప్పాలనుకున్నది చెప్పేయ్. అవతలి నుంచి ‘అందింది’ అని జవాబు వస్తే సరే. రాకపోతే ఎవరి మాటో నీ మాటకు అడ్డు తగిలిందన్నమాట. కాసేపాగి మళ్ళీ చెప్పు. ఎంతసేపు ఆగాలన్నది ఎవరికి వారు చీటీ తీసినట్టు తేల్చుకోవాలి. ఇద్దరూ సమానంగా ఆగితే మళ్ళీ ఇద్దరూ ఒక్కసారే నోరు తెరుస్తారు కదా. ఈ పద్ధతిలో దారి సామర్థ్యంలో 18 శాతం మాత్రమే పనికొస్తుందని లెక్క తేలింది. అందరూ గడియారం చూసుకుని, కేటాయించిన క్షణాల్లోనే మాట మొదలుపెడితే అది 36 శాతానికి పైగా పెరుగుతుంది.

18 శాతమేనా అని చప్పరించేయకండి. అబ్రామ్‌సన్ రాసిన పత్రం చదివి దానికి మెరుగులు దిద్దినవాడు బాబ్ మెట్‌కాఫ్. 1973లో అతని చేతిలో అది ఈథర్‌నెట్ అయింది. ఆఫీసుల్లో కంప్యూటరు వెనక గుచ్చే ఆ తీగకు తాతగారు తీగలేని రేడియో! ఇంకో సంగతి. మన సెల్‌ఫోన్ ‘నేనున్నాను, నాకో దారి ఇవ్వు’ అని టవర్ని మొదటిసారి పలకరించేది కూడా ఈ అలోహా సంతానమైన పద్ధతిలోనే.

చెట్టు కింద వ్యాను

1976 ఆగస్టు 27న కాలిఫోర్నియాలోని ఒక పాతకాలపు బీరు దుకాణం పెరట్లో ఎస్‌ఆర్‌ఐ అనే సంస్థ పరిశోధకులు ఒక కంప్యూటర్ టెర్మినల్‌ను బల్ల మీద పెట్టుకు కూర్చున్నారు. పక్కనే రేడియో ఉన్న వ్యాను. అక్కణ్ణుంచి వాళ్ళు పంపిన నివేదిక గాలిలో కొంత దూరం, అమెరికా రక్షణశాఖ వారి ఆర్పానెట్ తీగల్లో మిగతా దూరం ప్రయాణించింది. రెండు వేరువేరు నెట్‌వర్కులను ఒకే సందేశం దాటడం ఇంటర్నెట్ చరిత్రలో పెద్ద మలుపు. ఆ మలుపులో మొదటి అడుగు పడింది రేడియో మీదే.

కెనడా ముందు నడిచింది

అలోహానెట్, ఆ వ్యాను ప్రయోగం రెండూ ప్రభుత్వం డబ్బుతో జరిగిన పనులు. మామూలు మనుషులు తమ ఇళ్ళలోంచి ప్యాకెట్లు పంపడం మొదలైంది కెనడాలో. 1978 మే 31న మాంట్రియల్‌లో రాబర్ట్ రూలో, ఆయన క్లబ్బు మిత్రులు చేత్తో చేసుకున్న పరికరాలతో తొలి సందేశం పంపారు. అమెరికాలో హామ్‌లకు ఈ రకం సంకేతాలు వాడే అనుమతి వచ్చింది 1980 మార్చిలో.

వాంకూవర్‌లో డగ్ లాక్‌హార్ట్ ఈ పని కోసం ఒక పెట్టె తయారుచేశాడు. ఒకవైపు కంప్యూటరు, ఇంకోవైపు రేడియో, మధ్యలో పొట్లాలు కట్టి విప్పే ఈ పెట్టె. దాని పేరు టీఎన్‌సీ. తర్వాత అరిజోనాలోని టూసాన్ నగరంలో కొందరు ఔత్సాహికులు కలిసి దానికి మెరుగైన నమూనాలు చేసి, విడిభాగాల కిట్లుగా అందరికీ అందేలా చేశారు. అందరూ ఒకే భాష మాట్లాడేందుకు 1984 అక్టోబరులో ఏఎక్స్.25 అనే నిబంధనావళి అచ్చయింది. నలభై ఏళ్ళు దాటినా ప్యాకెట్ హామ్‌లు ఆ భాషే మాట్లాడుతున్నారు.

ప్యాకెట్ ఎలా వినిపిస్తుంది?

రేడియోలో వింటే గుడ్డ చింపినట్టు ఒక చిన్న ‘బర్ర్’. అంతే. ఆ శబ్దంలో ఉన్నవి రెండే స్వరాలు. ఒకటి 1200 హెర్ట్జ్‌లది, ఇంకోటి 2200 హెర్ట్జ్‌లది. సెకనుకు 1200 బిట్లు, అంటే 150 బైట్లు. ఫోనులో వచ్చే ఒక ఫొటో 150 కిలోబైట్లనుకుంటే, దాన్ని ఈ దారిలో పంపడానికి పావుగంట దాటుతుంది. ఒక మెగాబైటుకు దాదాపు రెండు గంటలు. ఈ లెక్క చూసి నవ్వేవాళ్ళకు తర్వాతి విశేషం.

పొల్లు కూడా పోదు

2004 డిసెంబరు. హైదరాబాద్‌లో 1983 నుంచి ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ ఒక బృందంతో అండమాన్ వెళ్ళారు. పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటం ఆ యాత్ర ఉద్దేశం. 26వ తేదీ తెల్లవారాక భూమి కంపించింది, సముద్రం విరుచుకుపడింది. ఫోన్లు మూగబోయిన ఆ దీవుల నుంచి క్షేమ సమాచారాలు బయటికి తెచ్చినవాటిలో ఆ బృందం రేడియో ఒకటి. తెలుగు నేల మీద పుట్టిన సంస్థ చేసిన ఆ సేవను తలచుకుంటే ఇప్పటికీ గుండె నిండుతుంది.

అది ప్యాకెట్ కాదు, నోటిమాట. ఆ సంగతి చెప్పే తీరాలి, ఎందుకంటే తేడా తెలిసేది ఇక్కడే. గరగరలాడే రేడియోలో రెండువందల పేర్ల జాబితా చదవాల్సి వచ్చిందనుకోండి. సుబ్బారావా, సుబ్బరాయుడా? వెంకటలక్ష్మా, వెంకటసుబ్బలక్ష్మా? ఒక్కో పేరూ అక్షరం అక్షరంగా పలకాలి, అవతల రాసుకున్నాయన తిరిగి చదవాలి. మందుల పేర్లయితే ఇంకా భయం. ప్యాకెట్‌కు ఈ బాధ లేదు. ప్రతి పొట్లం చివర 16 బిట్ల సరిచూపు అంకె ఒకటి ఉంటుంది. అందుకున్న పెట్టె తానూ అదే లెక్క వేస్తుంది. అంకెలు కలవకపోతే పొట్లాన్ని పారేస్తుంది, ‘అందింది’ అన్న జవాబు రాక పంపిన పెట్టె మళ్ళీ పంపుతుంది. వస్తే ఉన్నదున్నట్టు వస్తుంది, లేదా అసలే రాదు. మనిషి గొంతులోని ఓదార్పు దానికి లేదు, నిజమే. కానీ తప్పిపోయినవాళ్ళ జాబితాకు కావలసింది ఓదార్పు కంటే ముందు కచ్చితత్వం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటూ, సెల్‌ఫోన్లూ రెండూ పోయాయి. అంత పెద్ద నగరంలో పక్క పేటలోని అక్కా బావా ఎలా ఉన్నారో తెలియక జనం నడిచి వెళ్ళి చూసుకున్నారు. ఆ రోజులు గుర్తున్నవాళ్ళకు సెకనుకు 150 బైట్లు తక్కువనిపించవు.

ఈ జవాబు ఏ ఉత్తరానికి?

హామ్‌ల పెరట్లో పుట్టి ఇంటర్నెట్ అంతా వ్యాపించిన ఆలోచన ఒకటుంది. ఫిల్ కార్న్ అనే ఇంజినీరు 1980ల్లో చిన్న సొంత కంప్యూటర్లలో ఇంటర్నెట్ భాష నడిచేలా ప్రోగ్రాం రాసి, దాన్ని ప్యాకెట్ రేడియో మీద నడిపాడు. హామ్‌గా ఆయన గుర్తింపు పేరు, అంటే కాల్‌సైన్, కేఏ9క్యూ. ఆ ప్రోగ్రాంకూ అదే పేరు నిలిచింది.

రేడియోలో పొట్లాలు తరచు పోతాయి. పంపినవాడు కాసేపు చూసి మళ్ళీ పంపుతాడు. ఎంతసేపు చూడాలి? మామూలుగా జవాబు రావడానికి ఎంతసేపు పడుతోందో కొలిచి, దాన్నిబట్టి. చిక్కు ఇక్కడే. మీరు పెద్దనాన్నకు ఉత్తరం రాశారు. వారం గడిచినా జవాబు లేదు. మళ్ళీ రాశారు. మర్నాడే జవాబు వచ్చింది. ఇది మొదటి ఉత్తరానికి ఆలస్యంగా వచ్చినదా, రెండోదానికి మెరుపులా వచ్చినదా? తెలియదు. రెండోదానికే అనుకుని ‘పెద్దనాన్న ఒక్కరోజులో జవాబిస్తాడు’ అని లెక్క కట్టుకుంటే, ఇకనుంచి రోజుకో ఉత్తరం రాస్తూ పోస్టుమేన్ ప్రాణం తీస్తారు. కార్న్ ఇచ్చిన పరిష్కారం: రెండుసార్లు పంపినదానికి వచ్చిన జవాబును లెక్కలోకే తీసుకోవద్దు. మళ్ళీ పంపినప్పుడల్లా ఎదురుచూసే గడువు పెంచు. ఒక్కసారే పంపినదానికి జవాబు వచ్చేవరకు ఆ పెంచిన గడువునే పాటించు.

క్రెయిగ్ పార్ట్రిడ్జ్‌తో కలిసి 1987లో దీన్ని ప్రచురించాడు. కార్న్ అల్గారిథం పేరుతో అది ఇంటర్నెట్ నిబంధనల్లో చేరింది. మనం నొక్కే ఎన్నో లంకెల వెనక ఈ ఇంగితం పనిచేస్తోంది.

కొండకు అటూ ఇటూ

కొండకు అటొక ఊరు, ఇటొక ఊరు, శిఖరం మీద రేడియో ఉన్న గుడిసె. రెండు ఊళ్ళ మాటా గుడిసెకు వినిపిస్తుంది. ఒక ఊరి మాట ఇంకో ఊరికి వినిపించదు. అంతా నిశ్శబ్దంగానే ఉందనుకుని ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే గుడిసెలో గందరగోళమే. హామ్‌లు రోజూ పడే తిప్పలివి.

1990లో హామ్‌ల కంప్యూటర్ నెట్‌వర్కింగ్ సభకు కార్న్ ఒక పత్రం సమర్పించాడు. అందులో సూచన ఏమిటంటే, పెద్ద సందేశానికి ముందు ‘ఇంత పొడుగు మాట ఉంది, చెప్పమంటారా’ అని చిన్న ప్రశ్న పంపాలి. గుడిసె ‘కానివ్వండి’ అంటుంది. ఆ ‘కానివ్వండి’ రెండో ఊరికీ వినిపిస్తుంది కాబట్టి వాళ్ళు ఆ కాసేపు ఆగుతారు. 1997లో వచ్చిన వైఫై ప్రమాణంలో ఈ అడిగి మాట్లాడే మర్యాదకు చోటు దొరికింది. ఇంట్లో రూటరు చూసినప్పుడు ఆ కొండా, ఆ రెండు ఊళ్ళూ నాకు గుర్తొస్తాయి.

44తో మొదలయ్యే వీధి

ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రానికీ అంకెల చిరునామా ఉంటుంది. అవి ఇంకా ఎవరికీ పట్టని 1981లో హ్యాంక్ మగ్నుస్కీ అనే హామ్ ముందుచూపుతో 44తో మొదలయ్యే చిరునామాలన్నీ హామ్‌ల పేర అడిగి తీసుకున్నాడు. అవి 1 కోటి 67 లక్షలకు పైమాటే. తర్వాత చిరునామాలకు కరువొచ్చింది, ధర పెరిగింది. 2019లో అందులో పావు భాగం, దాదాపు 42 లక్షల చిరునామాలు, అమెజాన్‌కు అమ్ముడయ్యాయి. 10 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. ఉమ్మడి ఆస్తి మమ్మల్ని అడగకుండా అమ్ముతారా అని కొందరు హామ్‌లు బాధపడ్డారు, ఆ బాధలో న్యాయం ఉంది. అయితే ఆ సొమ్ము ఏఆర్‌డీసీ అనే సంస్థ చేతిలో ఉండి హామ్ రేడియో పనులకూ, చదువులకూ విరాళంగా వెళుతోంది.

చిప్పు వెనక మనిషి

డేటాపాయింట్ 2200 అని 1970లో ప్రకటించిన ఒక యంత్రం ఉంది. దాని రూపకర్తల్లో విక్ పూర్ ఒకడు. ఆ యంత్రం కోసం అనుకున్న ఆదేశాల పట్టికతోనే 1972లో ఇంటెల్ 8008 చిప్పు వచ్చింది. దాని వారసత్వమే 8080, 8086, అక్కణ్ణుంచి కోట్లాది పర్సనల్ కంప్యూటర్లు. అదే విక్ పూర్ తర్వాతి రోజుల్లో, దూరాలకు వెళ్ళే షార్ట్‌వేవ్ టెలిటైపునూ స్థానిక ప్యాకెట్ రేడియోనూ కలిపే ప్రోగ్రాం రాశాడు. అది పెరిగి విన్‌లింక్ అయింది. నడిసముద్రంలో తెరచాప పడవల వాళ్ళు రేడియో మీద ఈమెయిల్ పంపుకునేది దానితోనే. 2005లో కత్రినా తుపానప్పుడు కూడా అది అక్కరకొచ్చింది.

అన్నట్టు, లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ నెట్‌వర్కింగ్‌కు తొలినాళ్ళలో రూపుదిద్దిన అలన్ కాక్స్ కూడా హామే. లైనక్స్‌లోకి ఏఎక్స్.25ను తెచ్చింది ఆయనే.

గుర్రాల వెంట పరిగెత్తిన కంప్యూటర్

అమెరికా నౌకాదళ అకాడమీలో పనిచేసిన బాబ్ బ్రునింగా 1982లో ఆపిల్ 2 కంప్యూటర్ మీద నౌకల స్థానాలను పటంలో చూపే ప్రోగ్రాం రాశాడు. రెండేళ్ళ తర్వాత 100 మైళ్ళ గుర్రపు పందెంలో ఏ గుర్రం ఎక్కడుందో చూపడానికి దాన్ని చిన్న కమడోర్ కంప్యూటర్‌కు మార్చాడు. అదే పెరిగి 1990ల్లో ఏపీఆర్‌ఎస్ అయింది. రేడియో ఉన్న కారు, బెలూను, వాతావరణ కేంద్రం తన చోటు తానే చిన్న పొట్లంలో చెప్పుకుంటూ పోతుంది, పటం మీద చుక్క కదులుతుంది. ఫోనులో ఆటో ఎక్కడిదాకా వచ్చిందో చూసుకునే మనకు ఇందులో వింత కనిపించకపోవచ్చు. ఆ పందెం నాటికి జీపీఎస్ సామాన్యుడి చేతికి రాలేదని గుర్తుంచుకోండి.

2001 సెప్టెంబరు 30న ఆయన విద్యార్థులతో చేయించిన పీసీశాట్ అనే ఉపగ్రహం అంతరిక్షానికి వెళ్ళింది. దాని యాంటెన్నాలు మేస్త్రీలు వాడే ఇనుప కొలత టేపు ముక్కలు.

ఆకాశంలో పోస్టాఫీసు

1986 ఆగస్టులో జపాన్ హామ్‌ల ఉపగ్రహం ఒకటి తపాలా పెట్టెతో సహా కక్ష్యలో చేరింది. మన మీదుగా వెళ్ళేటప్పుడు ఉత్తరం వేస్తే, భూమికి అవతలి వైపు వెళ్ళాక అక్కడివాళ్ళు తీసుకుంటారు. 1990 జనవరిలో ఒకే ఏరియాన్ రాకెట్ మీద హామ్‌ల చిన్న ఉపగ్రహాలు ఆరు వెళ్ళాయి. ఈ తపాలా పెట్టె సాంకేతికతనే డాక్టర్ బెర్నార్డ్ లోన్ స్థాపించిన శాటెల్‌లైఫ్ సంస్థ ఆఫ్రికా వైద్యుల కోసం వాడుకుంది. ఫోన్ లైను లేని ఆసుపత్రికి వైద్య పత్రికల సారాంశాలు ఆకాశం నుంచి దిగేవి. భారతదేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న అని తలచుకుంటే, ఆ ఆకాశపు తపాలా విలువ అర్థమవుతుంది.

1990 డిసెంబరులో రాన్ పరీస్ కొలంబియా వ్యోమనౌక నుంచి ప్యాకెట్లు పంపాడు. నేడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఒక రేడియో 145.825 మెగాహెర్ట్జ్ మీద కింది నుంచి వచ్చిన పొట్లాన్ని అందుకుని తిరిగి కిందికి విసురుతుంది. 400 కిలోమీటర్ల ఎత్తున, పది నిమిషాల్లో ఆకాశం దాటిపోయే ఆ కేంద్రాన్ని అందుకోవడానికి కొద్ది వాట్ల రేడియో చాలు.

మన శ్రీహరికోటకూ ఇందులో పాలుంది. 2015 సెప్టెంబరు 28న ఆస్ట్రోశాట్‌ను మోసిన పీఎస్‌ఎల్‌వీ-సీ30 మీదే ఇండోనేషియా ఉపగ్రహం లాపాన్-ఏ2 కూడా వెళ్ళింది. దానిలో హామ్‌ల కోసం ఏపీఆర్‌ఎస్ పెట్టె ఉంది. భూకంపాలు ఎక్కువైన తమ దీవులను రోజుకు పద్నాలుగు సార్లు దాటేలా, భూమధ్యరేఖను అంటిపెట్టుకుని తిరిగేలా దాన్ని పంపించుకున్నారు. నెల్లూరు తీరం నుంచి వెళ్ళిన ఆ తపాలా పెట్టె ఎవరికో ఆపదలో పనికొస్తుందనుకుంటే సంతోషంగా ఉంటుంది.

పేరు దాచుకోవడం కుదరదు

ప్రతి ప్యాకెట్ మీదా పంపినవారి కాల్‌సైన్, చేరాల్సినవారి కాల్‌సైన్ బహిరంగంగా ఉంటాయి. అర్థం దాచే రహస్య లిపి వాడటం, వ్యాపారం చేయడం నిషేధం. బ్యాంకు పనులకిది పనికిరాదు. ఎవరన్నారో తెలియని మాటలు ఊరంతా తిరిగే కాలంలో, ప్రతి మాటా అన్నవాడి పేరుతోనే రావడం నాకు గొప్పగా అనిపిస్తుంది. మనదేశంలో ఆ పేరు సంపాదించాలంటే పరీక్ష రాయాలి. పన్నెండేళ్ళు నిండిన పిల్లలూ రాయవచ్చు.

ఆధారం ఎవరికెవరు?

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నేటి విన్‌లింక్‌కు కేంద్ర సర్వర్లు ఇంటర్నెట్ మీదే ఉన్నాయి. ఏపీఆర్‌ఎస్ చుక్కలను ప్రపంచ పటం మీద చూపేదీ ఇంటర్నెట్టే. ఊళ్ళో తీగ తెగితే రేడియో పక్క ఊరి తీగ దాకా మోసుకెళుతుంది. అసలు తీగే లేని రోజు కోసం, రేడియో నుంచి రేడియోకే మోసే ఏర్పాటు కూడా విన్‌లింక్‌లో ఉంది. అలాంటి రోజు వస్తుందా అంటే, 2022 జనవరి 15న టోంగాలో సముద్రం అడుగున అగ్నిపర్వతం పేలి దేశానికున్న ఒకే అంతర్జాతీయ కేబుల్ తెగింది. దాన్ని అతికేసరికి ఐదు వారాలు పట్టింది. ఒక దేశం మొత్తానికి ఒకే తీగ!

పెట్టె పోయింది, పని మిగిలింది

ఒకప్పుడు టీఎన్‌సీ కొనాల్సి వచ్చేది. నేడు డైర్‌వుల్ఫ్ అనే ఉచిత ప్రోగ్రాం, అరచేతిలో పట్టే కంప్యూటరు ఉంటే చాలు. అమెరికాలో షార్ట్‌వేవ్ మీద 300 బాడ్ (సెకనుకు 300 సంకేతాలు) దాటకూడదన్న 1980 నాటి నియమాన్ని 2023 నవంబరులో ఎత్తేశారు. 2020లో మొదలైన మెష్‌టాస్టిక్‌లో చిన్న చిన్న రేడియోలు ఒకరి మాట ఒకరు అందుకుని ముందుకు చేరవేస్తాయి. లైసెన్సు అక్కర్లేదు. ఇండియాలో దానికి 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు చోటుంది. అందుకున్న పొట్లాన్ని మళ్ళీ గాలిలోకి వదిలే ప్యాకెట్ హామ్‌ల డిజిపీటర్లు నాలుగు దశాబ్దాల కిందట మొదలుపెట్టిన పనే అది.

తెలుగు ఎన్ని బైట్లు?

యూనికోడ్‌ను యూటీఎఫ్-8 పద్ధతిలో రాస్తే ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. తెలుగులో ప్రతి అచ్చుకూ, హల్లుకూ, గుడికీ, ఒత్తుకు ముందుండే పొల్లుకూ మూడేసి బైట్లు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిసి ఆరు గుర్తులు. మొత్తం 18 బైట్లు. ఏఎక్స్.25 మామూలు పొట్లంలో 256 బైట్లు పడతాయి కాబట్టి 85 తెలుగు గుర్తులు ఇముడుతాయి. ఏపీఆర్‌ఎస్ సందేశంలో 67 బైట్లకే చోటు, అంటే 22 గుర్తులు. ‘అందరం క్షేమం మందులు పంపండి’ అని రాస్తే 72 బైట్లవుతుంది. పట్టదు. రెండు ముక్కలు చేయాలి. మొదటి ముక్క ‘అందరం క్షేమం’ 34 బైట్లు. చిరునామాల్లాంటివి లెక్కించకపోతే, 1200 బాడ్‌లో ఆ మాట ఒక్కటే గాలి దాటడానికి పావు సెకను కూడా పట్టదు.